భూమిలోపల దాచిన సీఓటూను సీస్మిక్‌తో గమనించడం: బేస్‌లైన్ సర్వే నుంచి తేడా చిత్రం దాకా

నార్వే పడమటి తీరానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, ఉత్తర సముద్రంలో, స్లైప్నర్ అనే గ్యాస్ క్షేత్రం ఉంది. సహజవాయువుతో కలిసివచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను, అంటే సీఓటూను, వేరుచేసి 1996 నుంచి అక్కడే సముద్రమట్టానికి 1000 మీటర్ల లోతున ఉన్న ఉట్సిరా ఇసుక పొరలోకి ఎక్కిస్తూ వచ్చారు. మొదటి ఏళ్లలో ఏటా సుమారు 9 లక్షల టన్నులు. ఆ చోటికి 1994 నాటి 3డి సీస్మిక్ సర్వే, అంటే భూమిలోకి తరంగాలు పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులతో లోపలి పొరల చిత్రం గీసే సర్వే, ఒకటి ఉంది. 1999లో మళ్లీ సర్వే చేసి, కొత్తదానిలోంచి పాతదాన్ని తీసివేస్తే, ఒకదానిమీద ఒకటి తొమ్మిది పలుచని పొరలుగా పరుచుకున్న సీఓటూ బయటపడింది. అప్పటికి ఎక్కించింది 23.5 లక్షల టన్నులు. ఇసుక మధ్యలో మీటరు మందం కూడా సరిగా లేని షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి) పొరలు వాయువును అడ్డుకుని పక్కలకు మళ్లిస్తున్నాయని అప్పుడే స్పష్టమైంది. బావి లాగ్‌లలో (బావిలోకి పరికరం దించి తీసిన కొలతల్లో) కనబడిన ఆ షేల్ పొరలు 1994 సర్వేలో విడిగా కనబడనే లేదు.

ఈ పద్ధతిని టైమ్ లాప్స్ సీస్మిక్ అంటారు, 4డి అని కూడా అంటారు. చేసేది తీసివేత లెక్కే. చిక్కంతా ఎక్కడంటే, రెండు సర్వేల మధ్య మారేది సీఓటూ ఒక్కటే కాదు. నేల కదలికను వినే జియోఫోన్ చోటు మారుతుంది, నేల తడి మారుతుంది, సముద్రపు నీటి వేడి మారుతుంది, పడవ దారి మారుతుంది. తేడా చిత్రంలో కనబడేదాంట్లో ఎక్కువ భాగం ఇవే. కాబట్టి పని మొత్తం ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: మొదటిసారి ఎలా తీశామో రెండోసారీ అచ్చంగా అలాగే తీయడం.

ముందు కాగితం మీద: అసలు కనబడుతుందా?

లారీలు, పడవలు మాట్లాడుకునే ముందు ఒక పూట కూర్చుని గాస్‌మన్ లెక్క చేయండి. రాతి రంధ్రాల్లోని ఉప్పునీటిని సీఓటూ నెట్టేస్తే పీ తరంగ (ధ్వనిలా నొక్కుతూ సాగే తరంగం) వేగం ఎంత పడుతుందో అది చెబుతుంది. ఎస్ తరంగానికి (పక్కకు ఊపుతూ సాగేదానికి) ద్రవంతో పెద్దగా పని లేదు, సాంద్రత మారిన మేరకే కదులుతుంది.

స్లైప్నర్ లాంటి వదులు ఇసుకను తీసుకుందాం. పోరాసిటీ, అంటే రాతిలో రంధ్రాల వాటా, 37 శాతం. ఉప్పునీటితో నిండినప్పుడు పీ వేగం సెకనుకు 2050 మీటర్లు, ఎస్ వేగం 640. ఘనమీటరుకు ఇసుక రేణువు 2650 కిలోలు, ఉప్పునీరు 1040, సీఓటూ 700. బల్క్ మాడ్యులస్, అంటే నొక్కుడుకు లొంగని గట్టితనం, రేణువుకు 36.9 గిగాపాస్కల్స్, ఉప్పునీటికి 2.3, సీఓటూకు 0.075. మొదట నీటితో నిండిన రాతి సాంద్రత కడితే 2054 వస్తుంది. దాన్ని పీ వేగం వర్గంలోంచి ఎస్ వేగం వర్గానికి మూడింట నాలుగు వంతులు తీసివేసిన సంఖ్యతో గుణిస్తే రాతి బల్క్ మాడ్యులస్ 7.5 గిగాపాస్కల్స్. గాస్‌మన్ సమీకరణాన్ని వెనక్కి నడిపితే ద్రవం లేని పొడి రాతి చట్రానికి 2.6 వస్తుంది. ఆ 2.6 మారదని పట్టుకుని, ఇప్పుడు రంధ్రాల్లో నీరు, సీఓటూ కలిసిన మిశ్రమాన్ని పెట్టి ముందుకు నడపండి.

సీఓటూ 5 శాతం చేరితే వేగం 1685. 20 శాతానికి 1490. 80 శాతానికి 1420.

ఈ వరుసను ఒకటికి రెండుసార్లు చూడండి. మొదటి 20 శాతానికే 560 మీటర్లు పడిపోయింది, తర్వాతి 60 శాతానికి పడింది 70 మాత్రమే. అంటే సీస్మిక్‌కు సీఓటూ ఉందా లేదా అన్నది బాగా తెలుస్తుంది, ఎంత ఉందన్నది సరిగా తెలియదు. పైగా ఈ లెక్క నీరు, వాయువు సన్నగా ఏకరీతిగా కలిసిపోయాయని అనుకుంటుంది. అవి చారికలుగా, అక్కడో మచ్చ ఇక్కడో మచ్చగా ఉంటే అదే 20 శాతానికి వేగం 1850 దాకా ఉండిపోతుంది. ఒకే వాయువుకు 1490 రావచ్చు, 1850 కూడా రావచ్చు. వేగాన్ని మాత్రమే చూసి సంతృప్తత (రంధ్రాల్లో సీఓటూ నిండిన వాటా) శాతం రాసిచ్చే నివేదికను నమ్మకండి. రాయాల్సి వస్తే రెండు హద్దులూ రాయండి.

గట్టి రాతిలో కథ వేరు. పోరాసిటీ 12 శాతం, పొడి చట్రం 18 గిగాపాస్కల్స్, షియర్ మాడ్యులస్ (పక్కకు వంగని గట్టితనం) 15 ఉన్న లోతైన ఇసుకరాయిలో ఇదే లెక్క వేస్తే, సగం రంధ్రాలు సీఓటూతో నిండినా వేగం 4140 నుంచి 3970కి మాత్రమే తగ్గుతుంది. నాలుగు శాతం పైచిలుకు. స్లైప్నర్ బొమ్మలు చూసి ఉత్సాహపడి ఇలాంటి రాతిలో అదే ఆశించడం చాలామంది చేసే పొరపాటు. ఉట్సిరా ఇసుక ఈ పనికి అరుదైన అదృష్టం.

తర్వాత, ఎన్ని టన్నులుంటే కనబడుతుందో అంచనా కట్టండి. వదులు ఇసుకలో 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల మందం ఉన్న మచ్చ తేడా చిత్రంలో గుర్తుపట్టగలిగినంత అనుకుందాం. 50,000 ఘనమీటర్ల రాయి, అందులో 37 శాతం రంధ్రాలు, వాటిలో సగం వాయువు, ఘనమీటరుకు 700 కిలోల చొప్పున: దాదాపు 6500 టన్నులు. ఆస్ట్రేలియాలోని ఒట్వే పరిశోధనా క్షేత్రంలో 1500 మీటర్ల లోతున 5000 టన్నులను పట్టుకోగలిగారు, కానీ అది జియోఫోన్లను పాతిపెట్టి, ఎంతో జాగ్రత్తగా చేసిన పని. కాబట్టి ఒక్క టన్ను పైకి వచ్చినా తెలుస్తుందని ఎవరికీ మాటివ్వకండి.

ఇక్కడ మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. సీఓటూ 31.1 డిగ్రీల సెల్సియస్, 7.38 మెగాపాస్కల్స్ దాటితేనే దట్టంగా ఉంటుంది. మామూలు పీడనంలో అది సుమారు 800 మీటర్ల లోతు కింద. పైకి తప్పించుకుని 400 మీటర్ల దగ్గరికి వస్తే ఘనమీటరుకు 100 కిలోల దరిదాపుకు పలుచబడుతుంది. అదే బరువు ఏడింతల చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల మూతరాయిని, అంటే వాయువును కింద పట్టి ఉంచే పై రాతి పొరను, దాటిన వాయువు లోతులోకన్నా పై పొరల్లోనే సులువుగా కనబడుతుంది.

బేస్‌లైన్: ఒకటి కాదు, రెండు

ఇంజెక్షన్ (వాయువు ఎక్కించడం) మొదలయ్యాక బేస్‌లైన్, అంటే పోలికకు ఆధారమయ్యే మొదటి సర్వే, తీయడానికి మరో అవకాశం రాదు. అందుకే డబ్బు ఎక్కడైనా తగ్గించండి గానీ ఇక్కడ వద్దు. వీలైతే వాయువు ఎక్కించక ముందే రెండు సర్వేలు తీయండి, మధ్యలో కనీసం ఒక రుతువు మారేలా. ఆ రెండిటి మధ్య సీఓటూ తేడా సున్నా అని ఖాయంగా తెలుసు. అయినా తీసివేస్తే ఏదో మిగులుతుంది. ఆ మిగిలిందే మీ క్షేత్రపు సద్దు. రేపు అసలు తేడా చిత్రంలో అంతకన్నా చిన్నది ఏం కనబడినా దాని గురించి మాట్లాడకూడదు.

ఈ సద్దును కొలిచే అంకె పేరు ఎన్ఆర్ఎంఎస్. రెండు ట్రేస్‌ల (ఒక్కో రిసీవర్ రికార్డు చేసిన తరంగ గీతల) తేడా ఆర్ఎంఎస్‌ను (వర్గాల సగటుకు వర్గమూలాన్ని) 200తో గుణించి, రెండు ట్రేస్‌ల ఆర్ఎంఎస్‌ల మొత్తంతో భాగించండి. రెండూ అచ్చంగా ఒకటే అయితే 0. ఒకదానితో ఒకటికి సంబంధమే లేని సద్దు అయితే 141. గుర్తు తారుమారైతే 200. దీన్ని లెక్కించే కిటికీ (ట్రేస్‌లోంచి ఎంచుకున్న కాలపు ముక్క) మూతరాయికి పైన, ఏ మార్పూ జరగని పొరల్లో ఉండాలి. రిజర్వాయరు (సీఓటూ నిండే పొర) మీద లెక్కిస్తే సీఓటూ సంకేతాన్నే సద్దుగా కొలుస్తున్నట్టు.

ఈ అంకె ఎంత సున్నితమో తెలియాలంటే 30 హెర్ట్జ్ తరంగాన్ని ఒక్క మిల్లీసెకను జరపండి. ఆకారం, ఎత్తు (యాంప్లిట్యూడ్) ఏమీ మారకపోయినా ఎన్ఆర్ఎంఎస్ 19 అవుతుంది. ఎత్తును 10 శాతం పెంచితే మాత్రం 9.5. అంటే తలనొప్పి ముందు కాలం దగ్గరే, ఎత్తు దగ్గర తర్వాత. పాతకాలపు స్ట్రీమర్ (పడవ వెనక లాగే రిసీవర్ కేబుల్) సర్వేల్లో 30, 40 మామూలు. సముద్రగర్భంలో శాశ్వతంగా పరిచిన కేబుళ్లతో 10 లోపుకు రావచ్చు. ఎంత కావాలన్నది మీ గాస్‌మన్ లెక్కే చెబుతుంది: వేగం 30 శాతం పడే ఇసుకలో 30తోనూ బతికిపోతారు, 4 శాతం పడే రాతిలో 30 వస్తే ఇంటికి వెళ్లవచ్చు.

సర్వే విస్తీర్ణం వాయువు ఇవాళ ఉండే చోటికి కాదు, 20 ఏళ్లకు చేరగల చోటికి సరిపోవాలి. దాని చుట్టూ మైగ్రేషన్ (ప్రతిధ్వనులను వాటి అసలు చోటికి చేర్చే లెక్క) కోసం అంచు వదలాలి. 1000 మీటర్ల లోతున 30 డిగ్రీల కోణం పట్టుకోవడానికే 580 మీటర్లు కావాలి. లోతు ఎంతో అంచూ అంత వదిలితే నిశ్చింత. అంచు కోసి డబ్బు మిగిల్చిన సర్వేల్లో మూడో రిపీట్ (మళ్లీ చేసే సర్వే) నాటికి వాయువు సరిగ్గా చిత్రం చివర, ఫోల్డ్ (ఒకేచోటికి పడే ట్రేస్‌ల సంఖ్య) పలుచగా ఉన్నచోట నిలబడి ఉంటుంది.

క్షేత్రంలో: నేల మీద

నేలమీద అతిపెద్ద శత్రువు పైన ఉన్న పది ఇరవై మీటర్ల మట్టి. వాన పడితే నీటిమట్టం లేస్తుంది, ఆ మట్టిలో తరంగ వేగం మారుతుంది, ట్రేస్ మొత్తం మిల్లీసెకన్లలో జరిగిపోతుంది. అందుకే రిపీట్ సర్వే ఎప్పుడూ బేస్‌లైన్ తీసిన రుతువులోనే. గోదావరి డెల్టాలో చమురు కోసం సీస్మిక్ పని చేసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు: నాట్లు వేసిన పొలంలో ఇచ్చిన షాట్‌కూ (తరంగాన్ని పుట్టించే దెబ్బకూ), కోతలయ్యాక బీటలు తీసిన అదే పొలంలో ఇచ్చిన షాట్‌కూ పోలికే ఉండదు. పైగా బేస్‌లైన్ నాటి వరిచేను రిపీట్ నాటికి చేపల చెరువైపోయి ఉంటుంది. అలాంటి చోట సర్వే మ్యాప్ గీసేటప్పుడే పదేళ్ల పాటు మారని గట్లు, రోడ్డు అంచులు, ప్రభుత్వ భూములు చూసి షాట్ పాయింట్లు పెట్టుకోవాలి.

జియోఫోన్లను పైన గుచ్చి ప్రతిసారీ పీకేయడం కన్నా పాతిపెట్టేయడం మేలు. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఉన్న అక్విస్టోర్‌లో 630 జియోఫోన్లను 20 మీటర్ల లోతున శాశ్వతంగా పాతారు. ఒట్వేలో 4 మీటర్లు. లోతుకు వెళ్లేకొద్దీ గాలి సద్దు, ట్రాక్టర్ల సద్దు తగ్గుతాయి. అందుకు బదులుగా నేల ఉపరితలం నుంచి తిరిగివచ్చే ఘోస్ట్ (నకలు తరంగం) కొన్ని ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. మొదటి గండి ఎక్కడ పడుతుందో తెలియాలంటే పై మట్టిలోని వేగాన్ని నాలుగింతల లోతుతో భాగించండి: వేగం 1800, లోతు 20 అయితే 22 హెర్ట్జ్ దగ్గర, లోతు 4 అయితే 112 దగ్గర. 22 అంటే మనకు పనికొచ్చే బ్యాండ్ మధ్యలోనే. గండి ప్రతి సర్వేలోనూ ఒకేచోట ఉంటుంది గనుక తీసివేతకు పెద్ద ప్రమాదం లేదు, కానీ చిత్రం నాణ్యత గురించి ముందే తెలుసుకుని లోతు తేల్చుకోండి.

మిగతా జాగ్రత్తలు సర్వేయర్‌కు, అబ్జర్వర్‌కు (రికార్డింగ్ చూసుకునే మనిషికి) తెలిసినవే. షాట్ పాయింట్లను ఆర్‌టీకే (ఖచ్చితమైన జీపీఎస్) పరికరంతో సెంటీమీటర్లలో గుర్తించి, వైబ్రేటర్ (నేలను కంపింపజేసే లారీ) బేస్ ప్లేటును మీటరు లోపు అక్కడే దించాలి. స్వీప్, అంటే వైబ్రేటర్ ఊపే ఫ్రీక్వెన్సీల వరుస, అదే ఉండాలి. బేస్‌లైన్‌కు 6 నుంచి 100 హెర్ట్జ్, 16 సెకన్లు వాడితే రిపీట్‌కూ అంతే. ఈలోగా 2 హెర్ట్జ్ నుంచి మొదలయ్యే కొత్త లారీ వచ్చిందని దాని స్వీప్‌తో తీయాలనిపిస్తుంది. తీయండి, కాదనడం లేదు, పాత స్వీప్‌తో తీశాక అదనంగా తీయండి. కొత్త డేటాను పాతదాని స్థాయికి దించవచ్చు గానీ పాతదాన్ని కొత్తదాని స్థాయికి లేపలేం.

సముద్రం మీద

స్ట్రీమర్ లాగే పడవకు ప్రవాహం వల్ల కేబుల్ పక్కకు కొట్టుకుపోతుంది, దాన్నే ఫెదరింగ్ అంటారు. పడవ పాత గీత మీదే నడిచినా కేబుల్ చివర వందల మీటర్ల పక్కన ఉండవచ్చు. అందుకే పడవ దారిని కాదు, షాట్ చోటులో తేడా, రిసీవర్ చోటులో తేడా రెండూ కూడగా వచ్చే దూరాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. ఆ మొత్తం పెరిగేకొద్దీ ఎన్ఆర్ఎంఎస్ పెరుగుతుంది. రెండిటినీ గ్రాఫ్ గీసుకుంటే మీ క్షేత్రంలో ఎన్ని మీటర్ల దాకా ఓర్చుకోవచ్చో ఆ గీతే చెబుతుంది. వీలైతే పాత సర్వేలో ఉన్న ప్రవాహాన్నే ఎదురుచూసి, అదే పోటు సమయంలో, అదే దిక్కుగా గీతను నడపండి. స్ట్రీమర్ల సంఖ్య పాత సర్వేకన్నా ఎక్కువ ఉంటే పక్కకు పోయిన చోటుకు ఇంకో కేబుల్ అందుతుంది.

నీరు కూడా మారుతుంది. ఆటుపోటులో ఒక మీటరు తేడా వస్తే రానుపోను 1.3 మిల్లీసెకన్లు. స్లైప్నర్‌లోలాగా 80 మీటర్ల నీటిలో ధ్వని వేగం సెకనుకు 1480 నుంచి 1490కి మారితే 0.7 మిల్లీసెకన్లు. పైన చెప్పిన 30 హెర్ట్జ్ లెక్క గుర్తుందిగా, ఈ రెండూ కలిస్తే ఎన్ఆర్ఎంఎస్ 35 దాటిపోతుంది. కాబట్టి ప్రతి రోజూ నీటి వేగాన్ని ప్రోబ్ దించి కొలవాలి, ఆటుపోటు లెక్క ప్రతి షాట్‌కూ రాసి ఉంచాలి.

ప్రాసెసింగ్: సంకేతం ఇక్కడే చస్తుంది

పాత సర్వేను అప్పట్లో ప్రాసెస్ చేసిన ఫలితంతో కొత్తదాన్ని పోల్చకూడదు. ప్రతి రిపీట్ వచ్చినప్పుడల్లా బేస్‌లైన్‌ను ముడి డేటా నుంచి మళ్లీ మొదలుపెట్టి, రెండిటినీ పక్కపక్కనే, ఒకే పారామీటర్లతో నడపాలి. మొదట ప్రతి బిన్‌లోనూ (చిత్రంలోని ఒక్కో గడిలోనూ) షాట్, రిసీవర్ చోట్లు బాగా కలిసిన జతలను మాత్రమే ఉంచి మిగతావి తీసేయండి. ఫోల్డ్ తగ్గుతుందని భయపడకండి. కలవని ట్రేస్‌లు పదిహేను ఉన్నదానికన్నా కలిసినవి ఎనిమిది ఉండటం మేలు.

తర్వాత నీటి, మట్టి కాలదిద్దుబాట్లు. ఆ పైన మల్టిపుల్స్ (పొరల మధ్య పదేపదే తిరిగిన ప్రతిధ్వనులు) తొలగించడం, ఒకే వేగ నమూనాతో మైగ్రేషన్. ఏజీసీ మాత్రం ఏ దశలోనూ వద్దు. అది ప్రతి కిటికీలో ఎత్తును సమం చేస్తుంది. సీఓటూ పెంచిన ఎత్తును కూడా సమం చేసి, దాని పక్కనున్న అమాయకపు పొరను చిన్నది చేసి చూపిస్తుంది.

మైగ్రేషన్ తర్వాత కూడా రెండు సర్వేల వేవ్‌లెట్ (మూల తరంగపు ఆకారం) కొద్దిగా తేడాగానే ఉంటుంది. దాన్ని సరిచేసే మ్యాచింగ్ ఫిల్టర్‌ను మూతరాయికి పైన ఉన్న కిటికీలోనే కట్టి, ఆ ఫిల్టర్‌ను కింద రిజర్వాయరుకు వర్తింపజేయండి. తెలిసో తెలియకో రిజర్వాయరును కూడా కలుపుకుని కడితే ఆ ఫిల్టర్ తన పని తాను బుద్ధిగా చేస్తుంది: తేడా మొత్తాన్ని తుడిచేస్తుంది. చిత్రం ఎంతో శుభ్రంగా వస్తుంది. ఎన్ఆర్ఎంఎస్ అద్భుతంగా ఉంటుంది. సీఓటూ ఉండదు.

తేడా చిత్రాన్ని చదవడం

రెండు సంకేతాలు వెతకాలి. మొదటిది ఎత్తు: సీఓటూ నిండిన పొర మెత్తబడి, దాని పైతలం నుంచి బలమైన రుణ ప్రతిధ్వని వస్తుంది. రెండోది కాలం: ఆ పొరగుండా వెళ్లిన తరంగం ఆలస్యమై, కింద ఉన్న పొరలన్నీ కిందికి దిగినట్టు కనబడతాయి. దీన్ని పుష్‌డౌన్ అంటారు. 80 శాతం నిండిన 10 మీటర్ల ఇసుకకు మన లెక్కలో 4.3 మిల్లీసెకన్లు. స్లైప్నర్ సీఓటూ గుట్ట నడిమధ్యన అది 40 దాటింది.

పుష్‌డౌన్ వల్ల కొత్తవాళ్లు తప్పకుండా ఒకసారి మోసపోతారు. వాయువు కింద ఉన్న, ఏ మార్పూ లేని పొరలు కాలంలో జరిగినందున నేరుగా తీసివేస్తే అక్కడా పెద్ద తేడా కనబడుతుంది. చూడ్డానికి సీఓటూ కిందికి కారిపోతున్నట్టుంటుంది. అది ఉప్పునీటికన్నా తేలిక, కిందికి పోదు. ముందు రెండు ఘనాల (రెండు సర్వేల 3డి చిత్రాల) మధ్య కాలపు జరుగుడును కొలిచి, దాన్ని సరిచేసి, ఆ తర్వాతే తీసివేయాలి. కొలిచే కిటికీ 100 మిల్లీసెకన్లకన్నా చిన్నదైతే సద్దును సద్దుతో జతచేసి లేని జరుగుడును కనిపెడుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. జరుగుడు పటం, ఎత్తు పటం రెండూ ఒకేచోటును చూపిస్తేనే అక్కడ వాయువు ఉందని రాయండి. ఒకటే చూపిస్తే ఎందుకో వెతకండి.

పొర మందం సంగతి. సెకనుకు 1420 మీటర్ల వేగం, 40 హెర్ట్జ్ అయితే పావు తరంగదైర్ఘ్యం 9 మీటర్లు. అంతకన్నా పలుచని పొర పైతలం, అడుగు విడిగా కనబడవు. రెండూ కలిసి ఒకే ప్రతిధ్వనిగా వస్తాయి, ఆ ఎత్తు మందంతోపాటు పెరుగుతుంది. దీన్ని వాడుకుని పలుచని పొరల మందాన్ని ఎత్తునుంచే అంచనా వేయవచ్చు. 9 దాటాక మాత్రం మందం పెరిగితే ఎత్తు తగ్గుతుంది, అక్కడ ఈ పద్ధతి తలకిందులవుతుంది.

చివరికి తూకం వేయాలి. పటంలోంచి వచ్చిన టన్నులను, బావి తలలోని మీటరు చెప్పిన టన్నులతో పోల్చండి. సీస్మిక్ లెక్క తక్కువ వస్తుంది, దాదాపు ఎప్పుడూ. ఎందుకంటే మరీ పలుచని చారికలు కనబడవు, నీటిలో కరిగిపోయిన సీఓటూ అసలే కనబడదు. సీఓటూ కరిగిన నీటి గట్టితనం మామూలు ఉప్పునీటికి అంత దగ్గర. ఈ ఖాళీని పూరించడానికే స్లైప్నర్‌లో 2002 నుంచి సముద్రగర్భం మీద దిమ్మెలు పెట్టి గురుత్వాకర్షణ కూడా కొలిచారు. బరువు ఎంత తగ్గిందో అది నేరుగా చెబుతుంది, ఎక్కడన్నది మాత్రం మసకగా.

ఇదే కారణంగా బసాల్ట్ రాతిలో దాచే పథకాలకు ఈ పద్ధతి పెద్దగా అక్కరకు రాదు. ఐస్‌లాండ్‌లోని కార్బ్‌ఫిక్స్‌లో వాయువును నీటిలో కరిగించి బసాల్ట్‌లోకి పంపితే అది ఖనిజంగా మారిపోతుంది. పశ్చిమ తెలంగాణ కొన్ని భాగాలదాకా పరుచుకున్న దక్కన్ బసాల్ట్ గురించీ ఇలాంటి మాటలు వినబడుతుంటాయి. అక్కడ ఒకమీద ఒకటిగా పేరుకున్న లావా పొరలే తరంగాన్ని చెదరగొడతాయి. అలాంటి చోట నీటి నమూనాలు, ట్రేసర్ (జాడ పట్టే) రసాయనాలే నమ్మదగినవి.

పీడనం కూడా సంకేతం ఇస్తుందని మరవకండి. నార్వే ఉత్తరాన స్నోవిట్‌లో 2008లో ట్యూబోయెన్ పొరలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. పీడనం అనుకున్నదానికన్నా వేగంగా పెరిగింది. 2009 రిపీట్ సర్వేలో కనబడిన తేడాలో కొంత వాయువుది, కొంత పీడనానిది. రెండిటినీ విడదీయడానికి దగ్గరి ఆఫ్‌సెట్లు (షాట్‌కూ రిసీవర్‌కూ మధ్య దూరాలు), దూరపు ఆఫ్‌సెట్లు వేరువేరుగా స్టాక్ చేసి (ట్రేస్‌లను కలిపి) చూడాలి: పీడనం చట్రాన్నే వదులు చేస్తుంది గనుక ఎస్ వేగాన్నీ తగ్గిస్తుంది, వాయువు తగ్గించదు. అక్కడ 2011లో ఇంజెక్షన్‌ను పైనున్న స్టో పొరకు మార్చారు.

బావిలో ఫైబర్

పదేపదే చూడాలంటే బావిలో ఆప్టికల్ ఫైబర్ దించి, దాన్నే వేలాది రిసీవర్లుగా వాడే డాస్ పద్ధతి చవక. ఒట్వేలో శాశ్వతంగా బిగించిన చిన్న తిరుగుడు వైబ్రేటర్లను పైన పెట్టి, బావుల్లోని ఫైబర్‌తో, మనుషులు క్షేత్రంలోకి వెళ్లకుండానే రికార్డు చేస్తున్నారు.

ఫైబర్‌ను కేసింగ్ (బావి గోడకు బిగించిన ఉక్కు గొట్టం) వెనక సిమెంటులో పెట్టండి. ట్యూబింగ్‌కు (లోపలి గొట్టానికి) క్లాంపులతో కడితే పని జరుగుతుంది గానీ, క్లాంపు వదులైన చోటల్లా ఫైబర్ ఆడుతూ గంటలా మోగుతుంది. గేజ్ లెంగ్త్ (ఒక్కో కొలతకు తీసుకునే ఫైబర్ పొడవు) మామూలుగా 10 మీటర్లు. పెంచితే సద్దు తగ్గుతుంది, సూక్ష్మం పోతుంది. ఫైబర్ తన పొడవు దిశలోని సాగుదలనే వింటుంది, పక్కనుంచి అడ్డంగా వచ్చే తరంగానికి చెవుడు. అందుకని నిటారు బావికి మరీ దూరంగా షాట్లు పెట్టి ప్రయోజనం లేదు. ఇంకొకటి: ఫైబర్ మీద 2000వ మీటరు బావిలో 2000 మీటర్ల లోతు కాదు. పైన చుట్టలు, ఉపరితల కేబుల్, లోపలి వదులు అన్నీ కలుస్తాయి. వెల్‌హెడ్ దగ్గర సుత్తితో తట్టి, ఏ ఛానల్ స్పందించిందో చూసి సున్నా లోతును అక్కడ గుర్తుపెట్టుకోవాలి. బావి అడుగు కూడా తెలుసు గనుక రెండిటి మధ్య సర్దుబాటు చేస్తే సరి.

వినడం: చిన్న ప్రకంపనలు

మనం షాట్ ఇవ్వకుండా భూమి తనంతట తాను చేసే చప్పుళ్లను వినడం వేరే పని. ఇది వాయువు ఎక్కడుందో చెప్పదు, పీడనం ఏ పగుళ్లను కదిలిస్తోందో చెబుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం డెకేటర్‌లో 2011 నవంబరు నుంచి 2014 నవంబరు దాకా మౌంట్ సైమన్ ఇసుకరాయిలోకి, సుమారు 2100 మీటర్ల లోతున, పది లక్షల టన్నులు ఎక్కించారు. బావుల్లోని జియోఫోన్లు నాలుగు వేలకు పైగా ప్రకంపనలను పట్టుకున్నాయి. ఏదీ పైన మనుషులకు తెలిసేంత పెద్దది కాదు. చాలావరకు అడుగు భాగంలో, కింది గట్టి రాతిలో, అంతకుముందు సర్వేల్లో కనబడని పగుళ్ల వెంట వరుసలు తీరాయి.

ఇందులో చెడేది చోటు లెక్క. వేగ నమూనాలో 5 శాతం పొరపాటు ఉంటే కిలోమీటరు దూరంలో 50 మీటర్ల తేడా వస్తుంది. ఆ 50 మీటర్లు ప్రకంపన రిజర్వాయరులోదా మూతరాయిలోదా అన్నది తేలుస్తుంది. అందుకే తెలిసిన చోట ఒక షాట్ ఇచ్చి, దాన్ని మీ వ్యవస్థ ఎక్కడ చూపిస్తుందో చూడండి. బావి జియోఫోన్ల దిక్కులను కూడా ఆ షాట్‌తోనే సరిచూసుకోవాలి, అవి దిగేటప్పుడు ఎటు తిరిగాయో ఎవరికీ తెలియదు. ఇంజెక్షన్‌కు కనీసం ఏడాది ముందునుంచీ వినడం మొదలుపెట్టండి. లేకపోతే సహజంగా వచ్చే ప్రకంపనలకూ, క్వారీ పేలుళ్లకూ రేపు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఏ తీవ్రత దాటితే ఇంజెక్షన్ తగ్గించాలి, ఏది దాటితే ఆపేయాలి అన్నది కూడా అప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

మూతరాయి పైన ఏదో కనబడితే

తేడా చిత్రంలో మూతరాయికి పైన ఒక మచ్చ కనబడిన రోజు ఫోన్లు మోగుతాయి. ఎవరికీ ఏమీ చెప్పకముందే కొన్ని ప్రశ్నలకు వరుసగా సమాధానం వెతకండి. రెండు బేస్‌లైన్ల తేడాలో అక్కడే అలాంటి మచ్చ ఉందా? ఉంటే అది సద్దు. పడవ గీతల దిశలో, షాట్ లైన్ల దిశలో చారలా సాగిందా? అయితే అది సర్వే ముద్ర. ఆ చోట షాట్, రిసీవర్ చోట్ల తేడా ఎక్కువగా ఉందా? మచ్చకు కింద పుష్‌డౌన్ ఉందా? వాయువైతే ఉండి తీరాలి. బేస్‌లైన్‌లోనే అక్కడ సహజమైన పైపొర వాయువు ఉందా? పాత బావి ఏదైనా దగ్గరలో ఉందా? మ్యాచింగ్ ఫిల్టర్ లేకుండా, వేరే కిటికీలతో మళ్లీ ప్రాసెస్ చేసినా మచ్చ నిలబడుతుందా? ఇవన్నీ దాటి నిలబడితే ఆ చోటు మీద మాత్రమే హై ఫ్రీక్వెన్సీ చిన్న సర్వే చేయించి, నియంత్రణ సంస్థకు అంకెలతో సహా రాయండి.

చివరగా భద్రపరచడం గురించి, ఎవరూ శ్రద్ధ పెట్టని పని ఇదే. అమెరికా క్లాస్ ఆరు (సీఓటూను దాచడానికి ఎక్కించే) బావుల నిబంధనల్లో ఇంజెక్షన్ ఆగాక గమనించాల్సిన కాలం మామూలుగా 50 ఏళ్లు. ఐరోపా సమాఖ్య 2009 నాటి ఆదేశంలో బాధ్యతను ప్రభుత్వానికి అప్పగించే ముందు కనీసం 20 ఏళ్లు. అంతకాలం తర్వాత మీ బేస్‌లైన్‌ను మళ్లీ ప్రాసెస్ చేసేది ఇంకా బడికైనా వెళ్లని పిల్లలు. వాళ్లకు ఫైనల్ సెగ్‌వై (ప్రాసెస్ అయిన డేటా ఫైలు) ఘనం ఒక్కటే ఇస్తే దానితో ఏమీ చేయలేరు. క్షేత్రంలో తీసిన ముడి సెగ్‌డీ రికార్డులు, షాట్, రిసీవర్ చోట్లు రాసిన ఎస్‌పీఎస్ ఫైళ్లు, సర్వేయర్ కోఆర్డినేట్లు ఏ డేటమ్‌లో (కొలతల ఆధార వ్యవస్థలో) ఉన్నాయో రాసిన కాగితం, స్వీప్ ఫైలు, రోజువారీ నీటి వేగాలు, ఆటుపోట్ల పట్టిక, అబ్జర్వర్ చేతిరాత నోట్‌లతో సహా రెండు వేరువేరు ఊళ్లలో రెండు ప్రతులు ఉంచండి. ఐదేళ్లకోసారి ఒక టేపు తీసి చదివి చూడండి, చదవబడుతోందో లేదో.